డింపుల్ కల్రా కోసం

ఢిల్లీ శివారు వైశాలి పార్కులో పొద్దున్నే నడిచేవాళ్ళు రెండు రకాలు. షుగర్ ఉన్నవాళ్ళు ఒక రకం, షుగర్ వస్తుందేమోనని భయపడేవాళ్ళు ఇంకో రకం. డాక్టర్ మాణిక్యం గారు ఈ రెండింట్లోనూ చేరరు. ఎయిర్‌ఫోర్స్‌లో వైద్యుడిగా రిటైరైన ఆయన పార్కుకి వచ్చేది బెంచీ మీద కూర్చుని, నడిచేవాళ్ళని చూసి ఆయాసపడటానికి.

ఆ మే నెల ఉదయం ఎర్ర ట్రాక్‌సూట్‌లో వెనకనుంచి పరిగెత్తుకొచ్చిన ఒకడు ఆయన మెడకి చెయ్యి తగిలించి, "సారీ అంకుల్" అంటూ ఆగకుండా వెళ్ళిపోయాడు. మాణిక్యం గారు దోమ కుట్టిందనుకుని మెడ తడుముకున్నారు. ఆ పార్కు దోమల మీద అలాంటి అనుమానం న్యాయమైనదే. కానీ వేలికి రక్తపు చుక్క అంటింది. నాలుక మొద్దుబారింది. ఆయన డాక్టరు కాబట్టి ఏం జరిగిందో, ఎంతసేపు మిగిలిందో రెండూ అర్థమయ్యాయి.

పక్క బెంచీ మీద చోప్రా అంకుల్ ప్రాణాయామం చేస్తున్నాడు. మాణిక్యం గారు ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"ఆఫీస్ మే... బోల్నా..." అన్నారు, ఆఫీసులో చెప్పమని.

సర్వీసంతా ఉత్తరాదిలోనే గడిచినా ఆయన హిందీ మాత్రం పిఠాపురం పొలిమేర దాటలేదు. ఆఖరి ఊపిరిలో ఆ కాస్తా వదిలేసి, పుట్టినప్పుడు వచ్చిన భాషలోనే రెండు మాటలు అన్నారు. మొదటిది పూర్తిగా, రెండోది సగం. ఆపైన తల వాల్చేశారు.

పార్కులో మూగినవాళ్ళందరికీ చోప్రా అంకుల్ కళ్ళు తుడుచుకుంటూ ఒకటే చెప్పాడు. "పోయేముందు ఒక పేరు చెప్పారు. డింపుల్ కల్రా. నా చెవులతో విన్నాను."

భార్య పోయి ఒంటరిగా ఉంటున్న పెద్దాయన చివరిమాటగా ఆడపేరు చెబితే కాలనీ వాట్సాప్ గ్రూపు ఊరుకుంటుందా. సాయంత్రానికి సంతాపం తక్కువ, కుతూహలం ఎక్కువ అయింది.

*

ఐఏఎస్ కోచింగ్‌ల పేట ఓల్డ్ రాజిందర్ నగర్ ఇరుకు సందులో "ధ్రువతార ఐఏఎస్ స్టడీ సర్కిల్" అని బోర్డున్న మేడ ఒకటుంది. కింది అంతస్తులో నిజంగానే చదువుకుంటారు. పై అంతస్తులో ఉన్నది పేరు లేని ఒక గూఢచారి విభాగం. దేశరహస్యాలు దాచడానికి అంతకంటే మంచి చోటు లేదు. అక్కడ ఎవరూ పుస్తకంలోంచి తల ఎత్తరు.

గేటు దగ్గరి మనిషి అడిగాడు. "ఆప్షనల్?"

"జాగ్రఫీ వదిలేసి సోషియాలజీ తీసుకున్నా," అంది ప్రవల్లిక.

"ఎన్నో అటెంప్ట్?"

"ఆఖరిది."

తలుపు తెరుచుకుంది. ఈ కోడ్ పెట్టిన మహానుభావుడికి ఒక్క సంగతి తోచలేదు. ఆ వీధిలో ప్రతి రెండో మనిషీ నిజంగానే ఆ జవాబు చెబుతాడు. పోయిన నెల ఎవరో అభ్యర్థి సరాసరి వైర్‌లెస్ గదిలోకి నడిచి నోట్సు అడిగాడు. అతనికి అనుమానం రాకుండా బయటికి పంపడానికి ఒక పూట సోషియాలజీ పాఠం చెప్పాల్సి వచ్చింది.

ప్రవల్లికది తెనాలి. వయసు నలభై దాటింది. ఇంట్లోవాళ్ళ లెక్కలో ఏదో ఎన్జీవోలో ఉద్యోగం. డిపార్ట్‌మెంట్ లెక్కలో ఫీల్డ్ ఏజెంట్, కోడ్‌నేమ్ "ఇంగువ". ఎంత మూల దాచినా ఎక్కడుందో తెలిసిపోయే వస్తువు పేరు గూఢచారికి పెట్టడం అన్యాయమని ఆమె మొదట్లోనే అభ్యంతరం చెప్పింది. కాగితాలు అప్పటికే పైకి వెళ్ళిపోయాయన్నారు.

చీఫ్ రామమోహనరావు కిటికీ తెర లాగి కూర్చున్నాడు. ఆయన కళ్ళ కింద నల్లగా ఉంది.

"కూర్చో అమ్మా. మాణిక్యం గారి సంగతి తెలిసింది కదా."

తెలిసింది. ఏజెంట్లందరికీ ఏడాదికోసారి వైద్యపరీక్ష చేసేది ఆయనే. చేతికి పట్టా చుట్టి, "ఏమ్మా, ఈ బీపీ దేశానిదా, మీ ఆయనదా?" అనేవారు. ప్రవల్లిక ఇంకా ఏడవలేదు. పని అయ్యాక చూద్దామని పక్కన పెట్టింది.

"గ్రూప్ కెప్టెన్ రవికిరణ్ పైన ఉన్నాడు," అన్నాడు చీఫ్. "శకుంత అంతరిక్ష నౌకలో, ఒక్కడే. మనిషిని పంపేటప్పుడు రాకెట్ పేలితే ఏం చెయ్యాలో అందరూ ఆలోచిస్తారు. పైకి వెళ్ళాక మామూలుగా, నిద్రలో, గుండె ఆగిపోతే ఏం చెయ్యాలో ఎవరూ ఆలోచించరు. అపశకునం కదా. మాణిక్యం గారు కూర్చుని ఆలోచించారు. ఆ ప్లాన్ పేరు వైట్ షీట్."

"ఏం చేస్తారు?"

"పోయాడని తేలితే కిందనుంచి ఒక కమాండ్ వెళ్తుంది. పగ్గాలన్నీ మన చేతికొస్తాయి. లోపల గాలి ఆపేస్తాం, క్యాబిన్‌ని చల్లబరుస్తాం. శరీరం చెడకూడదు. తర్వాత ప్రకటించిన చోట కాకుండా, కెమెరాలు లేని ఇంకో సముద్రంలో దింపుతాం. ఆ ఇంటి దుఃఖం టీవీలో పడకూడదని పెద్దాయన పట్టు."

"మనిషి బతికుండగా ఆ కమాండ్ వెళ్తే?"

చీఫ్ ఫ్యాను వైపు చూశాడు.

"ఆర్చిడ్ అని ఒక విదేశీ ముఠా. దింపే ఆ రెండో చోటు వాళ్ళకి తెలిసిపోయింది. చేపల ఓడ ఒకటి అక్కడ లంగరేసి ఉంది. వల మాత్రం వెయ్యట్లేదు. శకుంతలో ఉన్న గైడెన్స్ యంత్రం వాళ్ళకి కావాలి. మనిషి అక్కర్లేదు. మనకి రవికిరణ్ పోయాడని నమ్మకం కలిగిస్తే చాలు. మిగతా పని మన చేత్తో మనమే చేసి పెడతాం."

ప్రవల్లిక వెన్ను జలదరించింది. ఏసీ వల్ల కాదు. ఆ ఏసీ పనిచేసి చాలాకాలమైంది.

"కమాండ్‌కి ముందు ఆఖరి మెట్టు ఒకటుంది," అన్నాడు చీఫ్. "డీకే. అది జరిగితేగాని కమాండ్ వెళ్ళకూడదు. డీకే అంటే ఏమిటని కమిటీ ఎన్నిసార్లు అడిగినా ఆయన విప్పలేదు. 'ఇప్పుడు చెబితే నవ్వి కొట్టేస్తారు. ఆరోజు నేనే వచ్చి చేయిస్తాను' అనేవారు. ఎమర్జెన్సీ రూమ్‌లో ఓ మూల పాత రేడియో సెట్ ఒకటి, కుట్టించిన గుడ్డ కవరుతో సహా పెట్టించుకున్నారు. ముసలాయన ముచ్చట అని వదిలేశాం. ఇప్పుడు ఆయన లేరు."

"అయితే డీకే ఎవరికీ తెలీదు."

"డింపుల్ కల్రాకి తెలుసు. డీకే. ఇవాళ పొద్దున తనే ఫోన్ చేసింది. ఆర్చిడ్ మనిషి. రహస్యం లాగమని వాళ్ళు పంపితే, మాణిక్యం గారి మంచితనం చూసి మన వైపు తిరిగిందట. డీకే తాళం ఆయన తనకే అప్పజెప్పారంటోంది."

"నమ్మొచ్చా?"

"పోతూ పోతూ ఆ మనిషి ఆమె పేరు చెప్పారమ్మా. ఆ టైములో ఎవరైనా అబద్ధం చెబుతారా?"

చీఫ్ సొరుగులోంచి ఒక పిన్నీసు తీసి ఇచ్చాడు. "కొత్తగా వచ్చింది. గుచ్చి బటన్ నొక్కితే కరెంటు. మనిషి కాసేపు లేవలేడు." సిటీ బస్సుల్లో ఆడవాళ్ళు ఎప్పుడో కనిపెట్టినదానికి డిపార్ట్‌మెంట్ ఇన్నాళ్ళకి బ్యాటరీ తగిలించింది. ప్రవల్లిక దాన్ని పమిట దగ్గర పెట్టుకుంది.

*

సాకేత్ మాల్‌లో కాఫీ షాపు. కిట్టీ పార్టీకి బయల్దేరిన ఇల్లాలి వేషంలో, భుజాల దాకా విగ్గుతో ప్రవల్లిక చెమటలు కక్కుతోంది. ఆ విగ్గు తయారుచేసినవాడు మే నెల ఢిల్లీలో దాన్ని ఒక్కసారీ పెట్టుకుని చూసి ఉండడు.

ఎదురుగా డింపుల్ కల్రా. తెల్లటి లక్నో కుట్టుపని కుర్తా, వేలికి పచ్చరాయి ఉంగరం, బయట వడగాలి వీస్తున్నా చెదరని లిప్‌స్టిక్. పక్క టేబుళ్ళ మీద మగవాళ్ళ కాఫీలు చల్లారిపోతున్నాయి.

"డాక్టర్ సాబ్ నన్ను కూతురిలా చూసేవారు," అంది డింపుల్, హిందీలో మొదలై ఇంగ్లీషులోకి జారే ఢిల్లీ భాషలో. "గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళం."

"ఏ భాషలో?"

"హిందీలో. ఎంత తియ్యటి హిందీ ఆయనది!"

ప్రవల్లిక కాఫీ కప్పు కింద పెట్టింది. మాణిక్యం గారు ఆటోవాడితో బేరమాడితే ఆటోవాడే జాలిపడి తగ్గించేవాడు.

"మరి డీకే అంటే ఏమిటి?"

"డెత్ నోన్. కె-ఎన్-ఓ-డబ్ల్యూ-ఎన్. మరణం తెలిసింది అని అధికారికంగా ఒకరు పలకాలి. ఆ అధికారం నాకిచ్చారు. అంతే, దీదీ. సింపుల్."

అప్పుడే టేబుల్ మీద రెండు ఫోన్లూ ఒక్కసారి మోగాయి. ప్రవల్లిక చూసింది. చీఫ్ మెసేజ్. *శకుంత నుంచి మాట లేదు. గుండె గీత తిన్నగా ఉంది. రవికిరణ్ భార్య మైథిలి గారిని తీసుకుని వెంటనే రా.*

ఆమె తలెత్తి చూసింది. డింపుల్ తన ఫోన్ ముట్టుకోలేదు. నెమ్మదిగా పర్సు సర్దుకుంటోంది.

"పదండి, వెళ్దాం. నా అవసరం పడుతుంది," అంది.

ఫోన్ చూడకుండానే వార్త తెలిసిన మనిషి. ప్రవల్లిక బాత్‌రూమ్‌లోకి వెళ్ళి విగ్గు పీకేసి చీఫ్‌కి ఫోన్ చేసింది.

"సార్, ఈమె తేడాగా ఉంది."

"ప్రవల్లికా, అక్కడ ఒక మనిషి గుండె ఆగింది. నీ అనుమానాలకి ఇది టైమా? చనిపోయినవాడి మాట కంటే గట్టిది నీ దగ్గర ఏముంది? ఆమెకి కారు పంపిస్తున్నా, నువ్వు మైథిలి గారిని తీసుకురా."

ఏమీ లేదు. అదే బాధ.

*

కంటోన్మెంట్ క్వార్టర్స్‌లో తలుపు తీసింది రవికిరణ్ కూతురు చైతు. పన్నెండేళ్ళుంటాయి.

"మీ అమ్మ ఉందామ్మా?"

"మమ్మీ, కోయీ ఆంటీ ఆయీ హై," అని లోపలికి కేకేసి, ప్రవల్లిక మొహంలోకి చూసింది. "పాపా ఠీక్ హై నా?"

నాన్న బాగానే ఉన్నారు కదా అన్న ఆ ప్రశ్నకి ఏ ట్రైనింగ్‌లోనూ జవాబు నేర్పలేదు. ప్రవల్లిక పిల్ల తల నిమిరింది. పిల్లకి అదే జవాబులా తోచినట్టుంది, మెల్లగా వెనక్కి జరిగింది.

మైథిలి చేతికంటిన పిండి కడుక్కోకుండానే బయల్దేరింది. ప్రవల్లిక కారెక్కింది. ధౌలా కువాఁ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాక అంది.

"పోయారాండి?"

"తెలీదు మైథిలి గారూ."

"తెలీదంటే ఇంకా చోటుందన్నమాటే కదండి." అమలాపురం యాస అంత దుఃఖంలోనూ చెక్కుచెదరలేదు. వేళ్ళకి ఎండిన పిండిని గోటితో గీక్కుంటూ కూర్చుంది. "మాణిక్యం గారుంటే బావుండేదండి. ఆయనేదో చేయిస్తానన్నారు."

"ఏం చేయిస్తానన్నారు?"

"ఈయన బయల్దేరే ముందు మా ఇంటికొచ్చారు. పెసరట్టు తింటా తింటా, 'అమ్మా, మీ ఆయన్ని పేరు పెట్టి పిలుస్తావా?' అన్నారు. ఎప్పుడూ లేదండి, అన్నాను. మరెలా పిలుస్తావో పిలు, వింటానన్నారు. సిగ్గేసింది. అయినా పిలిచాను. ఈయన లోపల్నించి తువ్వాలు భుజాన్నేసుకుని వచ్చేశారు. డాక్టరు గారు ఒకటే నవ్వు. 'ఇది చాలు. నేను చెప్పినరోజు అచ్చం ఇలాగే మూడుసార్లు పిలవాలి. ఎందుకని అడక్కు' అన్నారు. ఈయనకి కూడా ట్రాన్సిస్టర్‌లాంటి చిన్న పెట్టె ఒకటిచ్చి, పైన పడుకునే మూల కట్టుకోమన్నారండి."

"మూడుసార్లా?"

"మూడేనండి."

ప్రవల్లిక స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉండిపోయాయి. ముందు కార్లు కదిలాయి. వెనక హారన్లు మొదలయ్యాయి.

తెనాలిలో నాన్న పాడె వెళ్తున్నప్పుడు ఆడపిల్లలు రాకూడదన్నా వినకుండా తొమ్మిదేళ్ళ ప్రవల్లిక వెనకాలే వెళ్ళింది. శ్మశానానికి ముందు దారిలో పాడె కిందికి దించారు. బాబాయి వంగి నాన్న చెవిలో పేరు పెట్టి పిలిచాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారి. ఎక్కడైనా కొసప్రాణం మిగిలుంటే పలుకుతాడని. ఆపైన ఎత్తుకుని వెళ్ళిపోయారు. నాలుగోసారి ఎందుకు పిలవలేదని ఆమెకి బాబాయి మీద చాలా ఏళ్ళు కోపం ఉండేది.

ఆ చోటికి ఒక పేరుంది.

"దింపుడు కళ్ళం," అంది ప్రవల్లిక పైకే. నాలుక మొద్దుబారిన మనిషిలా ఇంకోసారి అని చూసుకుంది. "దింపుడు కళ్... రా... డింపుల్ కల్రా." ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "చోప్రా అంకుల్! ఎంత పని చేశావయ్యా!"

"ఏంటండి? ఎవరండి?"

"ఎవరూ కాదు మైథిలి గారూ. ఆ పేరుగల మనిషే లేదు." కారు బస్సుల లేన్‌లోకి దూకింది. "సీటు బెల్ట్ పెట్టుకోండి. చలాన్లు డిపార్ట్‌మెంట్ కట్టుకుంటుంది."

*

లోధీ రోడ్డు వైపు బోర్డు లేని ఒక భవనం కింద ఎమర్జెన్సీ రూమ్. గోడంత తెర మీద ఆకుపచ్చ గీత కదలకుండా, తిన్నగా సాగుతోంది. దాన్ని చూడగానే మైథిలి గోడ పట్టుకుంది.

ప్లాన్‌ని నడిపే ఆఫీసర్ భరద్వాజ్ కమాండ్ కీ ముందు నిలబడి ఉన్నాడు. హైదరాబాద్ మనిషి, ఏ మాటకైనా రూల్ నంబర్ చెబుతాడు. పక్కన చీఫ్. వాళ్ళ మధ్య చక్కగా, విచారంగా డింపుల్ కల్రా.

"డీకే అయిపోయింది," అన్నాడు భరద్వాజ్. "మేడమ్ ఆథరైజ్ చేసిన్రు. నౌక ఢిల్లీ మీదికి వస్తున్నది. ఈ పాస్‌లోనే కమాండ్ పంపాలె."

"చెయ్యి తియ్యండి!" ప్రవల్లిక గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "సార్, మాణిక్యం గారు చెప్పింది మనిషి పేరు కాదు. ఆయన చెప్పింది తెలుగు. దింపుడు కళ్ళం."

చీఫ్ పెదవులు ఆ మాటని శబ్దం లేకుండా అనుకున్నాయి. సొంతూరు ఏలూరులో ఆయనా ఎవరినో అలా పిలిచే ఉంటాడు.

"డీకే," అన్నాడు. "భగవంతుడా. డీకే."

"అంటే ఏంది?" అన్నాడు భరద్వాజ్. "చావు కాడి మాటేమో. మా అపార్ట్‌మెంట్‌కి డైరెక్ట్ శవాల వ్యానొస్తది మేడమ్. నాకు తెల్వదు."

"పోయాడనుకున్న మనిషిని ఆఖరిసారి పిలిచి చూడాలి. అయినవాళ్ళు, మూడుసార్లు. పలికితే వెనక్కి తీసుకెళ్ళాలి." ప్రవల్లిక మూలకి నడిచి గుడ్డ కవరు లాగేసింది. కింద తెర లేదు, నెట్‌వర్క్ తీగ లేదు. ఒక మైకు, ఒక స్పీకరు, ఒక మీట. "తెర మీద గీతని దొంగలు గీయగలరు. దీన్ని ముట్టుకోలేరు. ఇది దేనికీ కలిపి లేదు."

డింపుల్ నిట్టూర్చింది. ఆమె గొంతులో జాలి ఉంది. అదే భయంకరంగా ఉంది. "ఇదంతా మూఢనమ్మకం. ఈవిడ భర్త పోయాడు. ఈవిడ చేత శవాన్ని పిలిపిస్తారా? ఆ తర్వాత ఈవిడ ఎలా బతుకుతుంది, ఆలోచించారా?"

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు.

"పిలుస్తానండి," అంది మైథిలి.

భరద్వాజ్ అడ్డం వచ్చాడు. "పిలిస్తే పద్ధతి ప్రకారం పిలవాలె మేడమ్. ఫుల్ నేమ్, ర్యాంక్. రికార్డ్ అయితది."

మైథిలి మైకు దగ్గర వంగింది. "శకుంత... గ్రూప్ కెప్టెన్ రవికిరణ్."

స్పీకర్లో చిటపటలు. పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు. ఇంకేం లేదు.

"మళ్ళీ," అన్నాడు చీఫ్.

"రవికిరణ్ గారూ." ఆ పేరు ఆమె నోట్లో పరాయి వస్తువులా పలికింది. "రవికిరణ్ గారూ, వినపడుతోందాండి?"

చిటపటలు. భరద్వాజ్ తెర వైపు చూశాడు. నౌక నెత్తి మీదికి వచ్చేసింది. కాసేపట్లో దాటిపోతుంది.

అందరి చూపూ మైకు మీద ఉన్నప్పుడు డింపుల్ కల్రా కమాండ్ కీ వైపు ఒక్క అడుగు వేసింది. పచ్చరాయి ఉంగరం ఉన్న చెయ్యి చాచింది. ఎర్రటి మూత పైకి లేచింది. ఆమె వేలు కిందికి దిగేలోగా ప్రవల్లిక పమిట లోంచి పిన్నీసు లాగి ఆ మణికట్టులో దించింది. ఠప్‌మని చిన్న శబ్దం. తెల్లటి కుర్తా నేల మీద కుప్పగా కూలింది.

"మైథిలి గారూ," అంది ప్రవల్లిక రొప్పుతూ. "ర్యాంకూ వద్దు, పేరూ వద్దు. పెసరట్టు రోజు ఎలా పిలిచారో అలా పిలవండి. ఇదే ఆఖరిది."

మైథిలి కళ్ళు మూసుకుంది. మూడోది కూడా పలక్కపోతే ఇంక మిగిలేదేమీ లేదని ఆమెకి తెలుసు. మైకుని రెండు చేతులతో పట్టుకుని, వంటింట్లోంచి వీధిగది దాకా వినపడే గొంతుతో పిలిచింది.

"ఏవండోయ్! మిమ్మల్నే!"

చిటపటలు.

చిటపటలు.

చీఫ్ తల దించుకున్నాడు. భరద్వాజ్ ఏదో రూల్ గుర్తుచేసుకోబోయి ఊరుకున్నాడు. ప్రవల్లిక తొమ్మిదేళ్ళ పిల్లలా స్పీకర్ని చూస్తూ నిలబడిపోయింది. నాలుగోసారి పిలవకూడదని ఏ రూల్లోనూ లేదు కదా అని ఆమె నోరు తెరిచేలోపు, దూరంనుంచి, రేకుడబ్బాలోంచి వచ్చినట్టు ఒక మగగొంతు విసుక్కుంది.

"ఎందుకే అంత అరుస్తావు? వస్తున్నా. బెల్టు విప్పుకుని తేలుతూ రావద్దూ?"

మైథిలి మైకు వదలకుండా ఏడ్చింది. "మరి ఇందాకట్నించి పిలుస్తుంటే పలకరేంటండి?"

"నువ్వని నాకేం తెలుసు! పొద్దుట్నించి పెద్ద సెట్‌లో అచ్చం నీ గొంతుతో ఎవరో 'రవికిరణ్, రవికిరణ్' అంటున్నారు. నిద్రపో, కదలకు, కిందికి దించేస్తాం అంటున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలిచావా నువ్వు? నమ్మడానికి నేనేమన్నా పిచ్చాడినా? నీ పద్ధతిలో పిలిస్తేనే పలకమని మాణిక్యం గారు చెప్పారు. ఆయన్ని అడిగానని చెప్పు."

చీఫ్ మైథిలి వైపు చూసి, ఇప్పుడు చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"అలాగేనండి," అంది మైథిలి. "చెబుతాను."

తెర మీద గుండె గీత ఇంకా తిన్నగానే ఉంది. భరద్వాజ్ లేచి వెళ్ళి దాని ప్లగ్గు పీకేశాడు.

*

డింపుల్ కల్రా అసలు పేరు మనీష అని ఆ సాయంత్రం ఆమే చెప్పింది. చోప్రా అంకుల్ చెప్పిన పేరు కాలనీ వాట్సాప్ గ్రూపులోంచి ఆర్చిడ్‌కి చేరింది. ఆమెకి ఆ పేరు తగిలించి పంపడానికి వాళ్ళకి ఒక్క రాత్రి పట్టింది. దొంగ గీతనీ, దొంగ గొంతునీ నడిపిన యంత్రం సాకేత్‌లో ఆమె ఆఫీసు అల్మరాలో దొరికింది. ఎర్ర ట్రాక్‌సూట్ మనిషి విమానాశ్రయంలో పట్టుబడ్డాడు. చేపల ఓడ వల తడవకుండానే వెళ్ళిపోయింది. రవికిరణ్ అనుకున్నరోజున, అనుకున్న సముద్రంలో, కెమెరాల ముందే దిగాడు.

మాణిక్యం గారి మేనల్లుడు పిఠాపురం నుంచి వచ్చేదాకా ఆయన శరీరాన్ని మార్చురీలో ఉంచారు. ఆఖరికి ఒక మధ్యాహ్నం వ్యాను హిండన్ నది ఒడ్డున ఉన్న శ్మశానానికి బయల్దేరింది. ముందు సీట్లో మేనల్లుడు. వెనక ప్రవల్లిక, చోప్రా అంకుల్. ఢిల్లీ వ్యాన్లు దారిలో ఎక్కడా ఆగవు. సరాసరి తీసుకెళ్ళి దించేస్తాయి.

ఫ్లైఓవర్ కిందికి రాగానే ప్రవల్లిక డ్రైవర్ని ఆపమంది.

"మేడమ్, ఇక్కడ ఆపకూడదు."

"ఒక్క నిమిషం భయ్యా."

వ్యాను ఆగింది. వెనక హారన్లు మొదలయ్యాయి. మేనల్లుడు వెనక్కి తిరిగి చూసి, అర్థమై, తల దించుకున్నాడు. ప్రవల్లిక మాణిక్యం గారి చెవి దగ్గరికి వంగింది.

"మాణిక్యం గారూ."

లారీ ఒకటి పక్కనుంచి మోత పెట్టుకుంటూ వెళ్ళింది.

"మాణిక్యం గారూ."

"మాణిక్యం గారూ, ఆయన పలికారండి."

కాసేపు చూసింది. వ్యానులో ఎవరూ తొందరపెట్టలేదు. ఆమె ఇంకోసారి వంగి, నాలుగోసారి కూడా పిలిచింది. అప్పుడు, అన్ని రోజులుగా పక్కన పెట్టిన ఏడుపు ఏడ్చింది.

చోప్రా అంకుల్ ఇక ఆపుకోలేక మెల్లగా అడిగాడు. "బేటా, ఎవరి కోసం ఆగాం?"

ప్రవల్లిక కొంగుతో మొహం తుడుచుకుంది.

"డింపుల్ కల్రా కోసం అంకుల్."

చోప్రా అంకుల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తృప్తిగా తల ఊపాడు.

"నేను మొదటే చెప్పాను కదా బేటా."